బెత్నల్ గ్రీన్ పిల్లలు అసలు దేనివల్ల పోయారు?

లండన్ తూర్పు వైపున్న బెత్నల్ గ్రీన్ గురించి చదువుతున్నాను. బ్రిటన్ కార్మికుల పారిశుద్ధ్య పరిస్థితులపై ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి 1842లో ఇచ్చిన రిపోర్టులో అక్కడ చనిపోయినవారి సగటు వయసు ఇచ్చారు. పెద్దింటి కుటుంబాలకి 45, వ్యాపారులకి 26, కూలీలు, చేతిపనివాళ్ళ కుటుంబాలకి 16. పదహారు! గుండె తరుక్కుపోయింది.

పసిపిల్లలు ఎక్కువమంది పోవడం వల్లే సగటు అంత పడిపోయిందని తెలుసు. నా చిక్కల్లా వాళ్ళు దేనివల్ల పోయారన్నదే. ఆ కాలపు మరణాల రిజిస్టర్లలో కారణం దగ్గర 'ఫిట్స్', 'పళ్ళు రావడం', 'నీరసం' అని రాసేవారు. పళ్ళొస్తే పిల్లలు చచ్చిపోరు కదా! మురికినీళ్ళ విరేచనాలే అలా నమోదయ్యాయా? తట్టు, కోరింత దగ్గు కూడా వీటిలో కలిసిపోయి ఉంటాయా? ఐదేళ్ళు దాటి బతికినవాళ్ళ ఆయుష్షు విడిగా ఎలా లెక్కకట్టాలి?

పిల్లల డాక్టర్లు, జనాభా లెక్కలు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.