ఆర్-22కు అలవాటుపడిన మెకానిక్‌లను ప్రొపేన్ వైపు ఎలా మళ్లించాలి?

నమస్కారం. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్‌లకు ఓజోన్‌కు హాని చేయని గ్యాస్‌ల మీద శిక్షణ పాఠాలు తయారుచేస్తున్నాను. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం వర్ధమాన దేశాలు 2030 నాటికి ఏసీల్లో చల్లదనం కోసం నింపే ఆర్-22 లాంటి, ఓజోన్‌ను దెబ్బతీసే హెచ్‌సీఎఫ్‌సీ గ్యాస్‌లను దాదాపు పూర్తిగా ఆపేయాలి. పాత యంత్రాల మరమ్మతుకు మాత్రం 2040 దాకా కొద్దిపాటి మినహాయింపు ఉంది. ఫ్యాక్టరీలు ఎలాగోలా మారతాయి. నా బెంగంతా రిపేర్ల దగ్గరే.

ఆర్-22 బదులు ఏసీల్లో వాడే ఆర్-410ఎ గ్యాస్ ఓజోన్ జోలికి పోదు గానీ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,000 రెట్లు బలమైనది. అందుకే ప్రొపేన్, అంటే ఆర్-290, మేలని నా నమ్మకం. అయితే అది మండే గ్యాస్. ఆర్-22 కోసం చేసిన యంత్రంలో దాన్ని నింపితే, ఎక్కడైనా లీకైనప్పుడు స్విచ్ దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. అలా నింపొద్దని ఖరాకండిగా చెప్పేయాలా? సురక్షితంగా చేయించిన పద్ధతి మీలో ఎవరైనా చూశారా?

ఇంకో సంగతి. పాత గ్యాస్‌ను గాలిలోకి వదిలేయకుండా సిలిండర్‌లోకి లాగడానికి సమయం పడుతుంది, ఆ సమయానికి కూలి ఇచ్చేవాళ్లు అరుదు. మెకానిక్ నష్టపోకుండా ఈ అలవాటు ఎక్కడైనా నిలబడిందా? చేసి చూసినవాళ్లు వివరంగా రాస్తే పాఠంలో చేరుస్తాను.