రెండు సెక్షన్లు, పి-వాల్యూ 0.03: పద్ధతి పనిచేసిందని రాసేయొచ్చా?

థీసిస్‌బాట:
అందరికీ నమస్కారం. ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, డేటా సేకరణ అయిపోయింది, రాసే దగ్గర ఆగిపోయాను. ఒక సెక్షన్‌లో 40 మందికి లెక్కలు గ్రూపు చర్చ పద్ధతిలో చెప్పించాం, ఇంకో సెక్షన్‌లో 40 మందికి మామూలు బోధనే. పోస్ట్-టెస్ట్ 50 మార్కులకి పెడితే గ్రూపు చర్చ సెక్షన్‌కి సగటున 3 మార్కులు ఎక్కువొచ్చాయి, టి-టెస్ట్‌లో (రెండు సగటుల మధ్య తేడాని పరీక్షించే లెక్క) పి-వాల్యూ 0.03. 0.05 కన్నా తక్కువ, అంటే సిగ్నిఫికెంట్ వచ్చింది కదా, పద్ధతి బాగా పనిచేసిందని రాసెయ్యమంటున్నారు తోటివాళ్లు. నాకేమో మనసొప్పడం లేదు. పైగా టీచర్ల అభిప్రాయాల కోసం 300 ప్రశ్నావళులు పంపితే తిరిగొచ్చినవి 110. వీటిని నమ్మి ఎంతవరకు రాయొచ్చు?

అంకెలవాడు:
మీ అనుమానం సరైనదే. 0.03 అంటే పద్ధతి పనిచేసే అవకాశం 97 శాతం అని కాదండి. అసలు తేడానే లేదనుకుంటే, ఇంత తేడా గానీ ఇంతకన్నా పెద్దది గానీ యాదృచ్ఛికంగా కనబడే అవకాశం నూటికి మూడు, అంతే. ఈ పొరపాటు ఎంత పాకిపోయిందంటే అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో దీనిమీదే ప్రత్యేకంగా ఒక ప్రకటన ఇచ్చింది. మీ అంకెల్నిబట్టి చూస్తే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు తేడా ఎంతెంత ఉండొచ్చో చెప్పే పరిధి) సుమారు 0.3 నుంచి 5.7 మార్కుల దాకా వస్తుంది. అర మార్కు కూడా కాని లాభం నుంచి ఆరు మార్కుల దాకా ఏదైనా కావచ్చన్నమాట. థీసిస్‌లో ఈ రెండు అంకెలూ తప్పకుండా పెట్టండి.

కానీ అసలు చిక్కు అది కాదు. టి-టెస్ట్ మీ 80 మందినీ ఎవరికి వారే విడివిడిగా ఉన్నట్టు లెక్కేస్తుంది. ఒకే గదిలో, ఒకే టీచర్ దగ్గర, పక్కపక్కన కూర్చుని నేర్చుకున్న పిల్లల మార్కులు అలా విడిగా ఉండవు. ఒక ఉదాహరణ చూడండి: ఒక్కో తరగతిలో 30 మంది, తరగతిలోపలి పోలిక (ఒకే తరగతి పిల్లల మార్కులు ఎంతగా ఒకేలా ఉంటాయో చెప్పే అంకె) 0.15 అనుకుంటే, డిజైన్ ఎఫెక్ట్, అంటే ఆ పోలిక వల్ల సమాచారం ఎన్నో వంతుకి తగ్గుతుందో చెప్పే అంకె, 1 + 29 × 0.15, అంటే 5.35. అప్పుడు అలాంటి పది తరగతుల్లోని 300 మంది పిల్లలు ఇచ్చే సమాచారం 56 మంది ఇచ్చినంతే! మీ దగ్గరైతే ఒక్కో పద్ధతికి ఒక్కటే సెక్షన్, కాబట్టి ఏ సూత్రం వాడినా సెక్షన్ ప్రభావాన్నీ పద్ధతి ప్రభావాన్నీ విడదీయలేం. ఇంతకీ రెండు సెక్షన్లకీ టీచర్ ఒకరేనా? ప్రీ-టెస్ట్ పెట్టారా?

థీసిస్‌బాట:
టీచర్లు వేరండి. ప్రీ-టెస్ట్ పెట్టాం, అందులోనూ గ్రూపు చర్చ సెక్షన్‌ కాస్త ముందుంది. ఇంకోటి, విడివిడిగా చూస్తే అమ్మాయిల్లో తేడా సిగ్నిఫికెంట్, అబ్బాయిల్లో కాదు. పద్ధతి అమ్మాయిలకే పనిచేస్తుందని రాయొచ్చా?

అంకెలవాడు:
వద్దండి, అలా రాయకండి. ఒకచోట సిగ్నిఫికెంట్, ఇంకోచోట కాదు అన్నంత మాత్రాన ఆ రెండింటి మధ్య తేడా సిగ్నిఫికెంట్ అయిపోదు. పద్ధతి, జెండర్ ఇంటరాక్షన్‌ని, అంటే పద్ధతి ప్రభావం అమ్మాయిలకీ అబ్బాయిలకీ వేరుగా ఉందా అన్నదాన్ని, నేరుగా పరీక్షించాలి. ప్రీ-టెస్ట్ మార్కుల్ని కోవేరియేట్‌గా పెట్టి ఆన్‌కోవా చేయండి, అంటే మొదట్లోనే ఉన్న తేడాని సర్దుబాటు చేసి సగటుల్ని పోల్చండి. ఆ 3 మార్కుల్లో ఎంత మిగులుతుందో చూశాకే మాట్లాడాలి. టీచర్లు వేరన్న సంగతి మాత్రం పరిమితుల్లో ఎక్కడో ఒక మూల కాకుండా ఫలితాల పక్కనే రాయండి, చదివేవాళ్లకి అది తెలియడం వాళ్ల హక్కు.

సర్వేపిచ్చి:
ప్రశ్నావళి సంగతి నేను చెప్తాను. 110 తక్కువని బాధపడకండి, రాని 190 మంది ఎవరన్నదే ముఖ్యం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకి లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, అయినా రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని చెప్పి దెబ్బతింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పంపిన జాబితాలోని వాళ్లే మొత్తం ఓటర్లలా లేరు, జవాబిచ్చినవాళ్లూ అలా లేరు. మీ 300 మంది జాబితాలో అనుభవం, సబ్జెక్టు వివరాలు ఉంటాయి కదా, ఆ లెక్కన 110 మందినీ మిగతావాళ్లనీ పోల్చి ఒక పట్టిక వేయండి. గుర్తుచేశాక ఆలస్యంగా పంపినవాళ్ల జవాబులు మొదటివాళ్లకన్నా భిన్నంగా ఉన్నాయేమో కూడా చూడండి, అసలు పంపనివాళ్ల గురించి కొంత జాడ దొరుకుతుంది.

సగటులు తీసేముందు డేటా ఫైల్ ఒకసారి తెరవండి. వదిలేసిన ప్రశ్నకి 99 అని కోడ్ వేసి ఉంటే, మిస్సింగ్ అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోతే అది కూడా సగటులో కలిసిపోతుంది. "ఈ పద్ధతి సమయం వృథా" లాంటి వ్యతిరేక వాక్యాలకి స్కోరు తిప్పారో (ఉదాహరణకి 1ని 5గా, 5ని 1గా) లేదో చూసుకోండి, తిప్పకపోతే ఆల్ఫా (ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని చూపే అంకె) పడిపోతుంది, మీరేమో ప్రశ్నలే బాగాలేవనుకుంటారు.

థీసిస్‌బాట:
ఇద్దరికీ చాలా థాంక్సండి. వ్యతిరేక వాక్యాలు నాలుగున్నాయి, ఒక్కదానికీ తిప్పలేదు. ముందు అది సరిచేసి, తర్వాత ఆన్‌కోవా ఫలితం ఇక్కడే పెడతాను.