2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఏ లినక్స్ పెట్టమంటారు?

ప్రశ్న

మూలన పడేసిన ల్యాప్‌టాప్ ఒకటుంది. కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. విండోస్ 10 ఉంది కానీ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ వచ్చేలోపు ఇంకో పని చూసుకుని రావచ్చు, పైగా దానికి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ కూడా అయిపోయింది. 11 ఎలాగూ ఎక్కదు. స్క్రీన్, కీబోర్డ్ శుభ్రంగా ఉన్నాయి, పారేయబుద్ధి కావట్లేదు. తెలుగులో టైప్ చేసుకోవాలి, పీడీఎఫ్‌లు చదవాలి, అప్పుడప్పుడు యూట్యూబ్, అంతే. విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెడదామనుకుంటున్నా, అది నాకు కొత్త. పాత ఫైళ్లు పోతాయేమోనని టెన్షన్.

జవాబు 1

ఏ లినక్స్ అన్నది తర్వాత, ముందు ఆ హార్డ్ డిస్క్ తీసేసి చిన్న సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే డిస్క్) వేయండి, సగం జబ్బు అక్కడే ఉంది. ఇంకో లాభం, పాత డిస్క్ ఫైళ్లతో సహా పక్కన భద్రంగా ఉంటుంది. తర్వాత లుబుంటు గానీ, మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ వేయండి, రెండూ తేలికైన లినక్స్ రకాలే. మింట్ వాళ్లు కనీసం 2 జీబీ చాలంటారు, హాయిగా నడవాలంటే 4 అని వాళ్లే చెప్తారు, కాబట్టి వీలైతే ర్యామ్ కూడా పెంచండి.

జవాబు 2

డబ్బు పెట్టే ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే, బూట్ చేసి చూడండి, డిస్క్‌లో ఏమీ మారదు. వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్ మీటలు పని చేస్తున్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. స్పీడ్ చూసి మాత్రం నిరాశపడొద్దు, పెన్‌డ్రైవ్ మీద ఏదైనా నత్తనడకే. బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై చిప్ అయితే మొదట్లో మొండికేయొచ్చు, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇవ్వడం) పెట్టుకుంటే డ్రైవర్ దిగుతుంది. పాత డిస్క్ మీదే ఇన్‌స్టాల్ చేసేట్టయితే ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకున్నాకే, ‘ఎరేజ్ డిస్క్’ నొక్కితే ఇక అన్నీ పోయినట్టే.

ప్రశ్న అడిగినవారు

నాది 32 బిట్టా, 64 బిట్టా? యూట్యూబ్ లాగుతుందా?

జవాబు 3

కోర్ 2 డ్యుయో అంటే 64 బిట్టే, భయం లేదు. పేరులో 2 లేని పాత కోర్ డ్యుయో అయితేనే 32, వాటికి డెబియన్ అనే లినక్స్ 13వ వెర్షన్‌లో ఇన్‌స్టాలరే తీసేశారు.

యూట్యూబ్ దగ్గరే అసలు చిక్కు. లినక్స్ ఎంత తేలికైనదైనా ర్యామ్ తినేది బ్రౌజరే, ట్యాబులు రెండు మూడు దాటనివ్వకండి, జీర్యామ్ (ర్యామ్‌లోని డేటాని కుదించి చోటు మిగిల్చేది) ఆన్ చేసుకోండి. యూట్యూబ్ పంపే వీపీ9, ఏవీ1 ఫార్మాట్ల వీడియోల్ని విప్పే హార్డ్‌వేర్ ఆ కాలం చిప్‌లలో లేదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. వాటి బదులు హెచ్264 అనే పాత ఫార్మాట్ వచ్చేలా చేసే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఒకటి వేసుకుని 480పీలో చూస్తే నడుస్తుంది. 1080పీ ఆశ వదులుకోండి.

తెలుగు టైపింగ్‌కి ఐబస్ అనే ప్రోగ్రామ్, దాంతోపాటు కీబోర్డ్ లేఅవుట్లు ఇచ్చే ఎం17ఎన్ ప్యాకేజీ. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక లేఅవుట్) ఉంది, ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైప్ చేసేది) కూడా ఉంది. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే నోటో సాన్స్ తెలుగు ఫాంట్ వేయండి.