బజ్జీల నూనెతో బయోడీజిల్ చేస్తే పెరుగులా గడ్డకట్టింది, ఎక్కడ తప్పాను?

ప్రశ్న: మాది బజ్జీల బండి. వారానికి 20 లీటర్ల దాకా వాడేసిన నూనె మిగులుతుంది. సరుకు తేవడానికి 2006 నాటి డీజిల్ పికప్ ఉంది. దానికోసం ఆ నూనెతో బయోడీజిల్ (నూనె నుంచి చేసే, డీజిల్‌లా వాడే ఇంధనం) చేద్దామనుకున్నాను. లీటరు నూనెకు 200 మిల్లీలీటర్ల మిథనాల్, 3.5 గ్రాముల కాస్టిక్ సోడా చొప్పున కలిపాను. విడిపోయి అడుగున చేరాల్సిన గ్లిజరిన్ కిందికి దిగలేదు, మొత్తం గడ్డకట్టింది. నూనెను రెండుసార్లు గుడ్డలో వడగట్టాను కూడా.

జవాబు: మీరు చేసింది సబ్బు అండీ. వడగడితే పిండి పలుకులు పోతాయి గానీ నీరు, ఆమ్లం పోవు. 3.5 గ్రాములనేది కొత్త నూనె లెక్క. మరిగి మరిగి నల్లబడిన నూనెలో ఆమ్లం పెరిగి ఉంటుంది, వేసిన సోడాలో కొంత దానికే ఖర్చవుతుంది.

ముందు కొంచెం నూనె వేడిచేయండి. తాలింపు వేసినట్టు చిటపటలాడితే నీరున్నట్టే. అప్పుడు నూనె మొత్తాన్ని ఆ చప్పుడు ఆగేదాకా కాచి చల్లార్చండి. తర్వాత ఆమ్లం ఎంతుందో చూడటానికి, లీటరు బ్యాటరీ నీళ్లలో 1 గ్రాము కాస్టిక్ సోడా కరిగించండి. వేరే గాజు గ్లాసులో 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 1 మిల్లీలీటరు నూనె, చిటికెడు పసుపు కలపండి. సిరంజితో సోడా నీళ్లు చుక్క చుక్కగా వేస్తూ పోండి. పసుపులో సున్నం పడ్డట్టు ఎర్రబడి, అర నిమిషం ఆ రంగు నిలవాలి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టాయో అన్ని గ్రాములు ఆ 3.5కు కలపండి. అంకె మరీ పెద్దదైతే ఆ నూనె మీద శ్రమ దండగ.

అల్యూమినియం గిన్నె వాడకండి, సోడా దాన్ని తినేస్తుంది. నూనె 55 డిగ్రీలకు వచ్చాక పొయ్యి పూర్తిగా ఆర్పి, ఆరుబయట మాత్రమే మిథనాల్ కలపండి. అది 65 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అంటుకుంటే పగటి వెలుగులో మంట కూడా కనబడదు. కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి.

మరొకరు: నేను మెకానిక్‌ని తమ్ముడూ. ఇంధనం సంగతి వాళ్లు చెప్పారు, బండి సంగతి నేను చెబుతాను. బయోడీజిల్ పాత ట్యాంకులో పేరుకున్న మడ్డినంతా కడిగేస్తుంది. అదంతా వచ్చి ఫిల్టర్లో కూర్చుంటుంది. మొదట పది లీటర్ల డీజిల్‌కు ఒక్క లీటరే కలపండి, అదనపు ఫిల్టర్ బండిలో పెట్టుకోండి. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి కారతాయి, ముందే మార్చేయండి. పామాయిల్‌తో చేసినదైతే చలికాలం తెల్లవారుజామున గడ్డకడుతుంది. బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో మాత్రం ఈ ప్రయోగం అసలు వద్దు.

ప్రశ్న అడిగినవారు: పసుపు పరీక్ష చేశాను, 3 మిల్లీలీటర్లు పట్టింది. 6.5 గ్రాములతో లీటరు చేశాను. రాత్రికి అడుగున గ్లిజరిన్ బెల్లం పాకంలా దిగింది! పైది వాడవచ్చా?

జవాబు: ఇంకా ఆగండి. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల ఆ ఇంధనం వేసి కలపండి. తేటగా కరిగితే సరే. అడుగున నూనె చుక్కలు నిలిస్తే నూనె ఇంకా పూర్తిగా మారలేదన్నమాట, కొంచెం మిథనాల్, సోడాతో మళ్లీ ఒకసారి చేయాలి. ఆ తర్వాత గోరువెచ్చని నీటితో, గిలకొట్టకుండా, కడిగిన నీళ్లు తేటపడేదాకా కడిగి ఆరబెట్టండి.

ప్రశ్న అడిగినవారు: రెండు చుక్కలు నిలిచాయి. మళ్లీ మొదలుపెడుతున్నాను.