సమస్యాపూరణం: “కొండ నెక్కెను జూడుమా కొలను నేఁడు”

నిర్వాహకుడు: మన ఎంవీపీ కాలనీ మిత్రుడు ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో హెల్వెలిన్ కొండను ఒక్క రోజులో ఎక్కి దిగి వచ్చారు. ఆ ఫొటోలు చూశాకే ఈ పాదం తట్టింది. ఛందస్సు తేటగీతి. ఇది చివరి పాదం, దీనికి ముందు మూడు పాదాలు మీరు రాయాలి. కొలను కొండెక్కడం అసంబద్ధమే, దాన్ని సంబద్ధం చేయడం మీ పని. విశాఖ కొండలైనా సరే, పరాయి దేశపు కొండలైనా సరే. ఆదివారం రాత్రి దాకా గడువు.

మధురవాడ అక్క: బోణీ నాదే.

అదిగొ యా ముడసర్లోవ యంచునుండి
మంచు పొగ లేచి మెల్లగ మలుపు దాటి
కంబలపు కొండ తలపైనఁ గమ్ముకొనఁగ
కొండ నెక్కెను జూడుమా కొలను నేఁడు

సీతమ్మధార మాస్టారు: అమ్మా, మొదటి పాదానికే సగం మార్కులు. ‘ముడసర్లోవ’ జలాశయం పేరును తేటగీతిలో ఇరికించడం మాటలు కాదు. ముందు ‘ఆ’ పెట్టి, ‘ఆముడ’ భగణం (గురువు, రెండు లఘువులు), ‘సర్లోవ’ తగణం (రెండు గురువులు, లఘువు) చేశారు. మూడో పాదంలో మాత్రం కంబలకొండను ‘కంబలపు కొండ’ అని సాగదీశారు. రోజూ అటు వెళ్లేవాళ్లకు చెవిలో గుచ్చుకుంటుంది. ‘కమ్ముకొనఁగన్’ అని ద్రుతం (చివరి ‘న్’) ఉంది కాబట్టి తర్వాత ‘గొండ’ కావాలి. సమస్య పాదాన్ని ముట్టుకోకూడదు గనక వదిలేస్తున్నా.

పెందుర్తి: ముడసర్లోవలో 2018 నుంచి 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి కదా మాస్టారూ. అక్కడ మంచు కంటే ముందు కరెంటే పైకి లేస్తోంది.

మధురవాడ అక్క: అదీ ఒక పూరణే, రాసేయండి.

పెందుర్తి: నాది వేరే దారి.

ఇంటి పేరున బిలిచెద మితని నెపుడు
మెట్లు నాలుగు జూచిన మెల్ల జారు
పైన బొంగులో చికెనన్న పలుకు వినియె
కొండ నెక్కెను జూడుమా కొలను నేఁడు

మావాడి ఇంటిపేరు కొలను. మాధవధార నుంచి సింహాచలం మెట్లదారిలో వెళ్దాం రమ్మంటే ఎప్పుడూ మోకాలు నొప్పే!

నిర్వాహకుడు: నవ్వించారు. కానీ సింహాచలం దారిలో చికెన్ ఏమిటి స్వామీ! అప్పన్న చూస్తూ ఊరుకుంటాడా?

పెందుర్తి: అబ్బే, ఆ కొండ వేరు, ఈ కొండ వేరు. పద్యంలోది అరకు వైపు కొండ.

సీతమ్మధార మాస్టారు: ‘నాలుగు జూచిన’ తప్పు. అక్కడ ద్రుతం లేదు, ‘చ’ సరళమై ‘జ’ కారాదు. ‘చూచిన’ అంటే చాలు, గణం చెడదు. ఇంటిపేరు అడ్డం పెట్టుకోవడం అవధానాల్లో అరిగిపోయిన ఎత్తు. సభలో చప్పట్లు పడతాయి, ఇంటికి వెళ్లాక పద్యం గుర్తుండదు.

గాజువాక తమ్ముడు: కొత్తవాణ్ణి, తిట్టకండి.

మోటరాడించి నీళ్లను పైకి తోడ
పట్నవాసుల కడగండ్లు బాపుకొరకు
ట్యాంకు నిండఁగ మేఘాద్రి యడుగు వెట్ట
కొండ నెక్కెను జూడుమా కొలను నేఁడు

సీతమ్మధార మాస్టారు: తిట్టడమెందుకు నాయనా! ఊహ బాగుంది. మేఘాద్రి గెడ్డ జలాశయం నీళ్లు నగరానికి వచ్చేవే, గుట్ట మీద ట్యాంకుకు ఎక్కించడమూ రోజూ చూసేదే. కానీ మొదటి పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి, పోయింది. ‘మో’కు ‘పై’ కుదరదు. ‘మోటరాడించి గుట్టకు మోయుచుండ’ అను. మూడో పాదంలో మాత్రం ‘ట్యా’లోని యకారానికి ‘యడుగు’ చక్కగా పడింది. తెలిసి వేశావా?

గాజువాక తమ్ముడు: లేదండీ, అలా పడిపోయింది. 🙏

ఎంవీపీ కాలనీ: కారణం నేనే కాబట్టి నేనూ రాయాలి. పద్యానికి ముందు కాస్త సంగతి. హెల్వెలిన్ ఎత్తు 950 మీటర్లు, ఇంగ్లండు కొండల్లో మూడోది. అల్స్‌వాటర్ సరస్సు పక్కన గ్లెన్‌రిడింగ్ అనే పల్లె నుంచి బయలుదేరాం. స్ట్రైడింగ్ ఎడ్జ్ అనే రాతి గట్టు దగ్గరికి వచ్చేసరికి అంతా మబ్బు. కొన్నిచోట్ల రెండు చేతులూ రాతికి ఆనించి పాకాల్సిందే. ఇటు లోయ, అటు లోయ, ఏదీ కనబడదు, గాలి మాత్రం చొక్కా పట్టుకుని లాగుతుంది. నిజం చెప్పాలంటే టెన్షన్. ఉన్నట్టుండి మబ్బు చీలింది. కుడి పక్కన కిందగా నల్లని నీళ్లు. కింద వదిలి వచ్చిన సరస్సు కాదది, కొండ మీదే, దాదాపు 718 మీటర్ల ఎత్తున ఉన్న రెడ్ టార్న్. మంచుయుగంలో హిమనది తొలిచిన గుంటలో నిలిచిన నీరు. అటు స్విరల్ ఎడ్జ్ అనే ఇంకో గట్టు, ఇటు మేమున్న గట్టు.

మంచునది చెక్కి విడిచిన మలల నడుమ
రెండు కత్తుల యంచులన్ రేయిబవలు
నాకు ముందుగా నిలిచెను నవ్వుకొనుచు
కొండ నెక్కెను జూడుమా కొలను నేఁడు

మధురవాడ అక్క: ఇది పూరణ. చమత్కారం చేయలేదు, ఉన్నది చెప్పారంతే, సమస్య దానంతట అదే విడిపోయింది.

సీతమ్మధార మాస్టారు: నేనూ అదే అనబోయాను, చివరి మాట దగ్గర ఆగాను. ఆ కొలను అక్కడ 10,000 ఏళ్లకు పైగా ఉంది. మీరే ‘రేయిబవలు’ అన్నారు. మరి ‘నేఁడు’ ఎక్కడమేమిటి? సమస్యలో ముడి కొండా కొలనూ అనుకుని అందరూ వాటి వెంట పడ్డారు. అసలు ముడి ‘నేఁడు’. పొగ ఇవాళ లేచింది, మోటారు ఇవాళ ఆడింది, చికెన్ ఇవాళ వండారు. వాళ్లందరికీ అది కుదిరింది, మీకే కుదరలేదు. అందరికంటే మంచి పద్యం మీది, అందులోనే ఈ లోటు.

ఎంవీపీ కాలనీ: ఒప్పుకుంటున్నా మాస్టారూ. ఆ రోజు జరిగింది మబ్బు విడవడమే. దాన్నే పట్టుకుంటా.

మంచునది చెక్కి విడిచిన మలల నడుమ
రెండు కత్తుల యంచులన్ రెప్ప విప్పె
మబ్బు విడినంతఁ, గనబడె మాకు నిజము
కొండ నెక్కెను జూడుమా కొలను నేఁడు

సీతమ్మధార మాస్టారు: ‘రెప్ప విప్పె’ దగ్గర లేచి నిలబడ్డాను. ‘యంచులన్’ బదులు ‘అంచుల మధ్య’ అనే అర్థం ఇంకా తేటగా రావాలి, కానీ ఈ గణాల్లో ఇంతకంటే అడగలేను.

గాజువాక తమ్ముడు: ఆ నీళ్లలో చేపలుంటాయా అన్నా?

ఎంవీపీ కాలనీ: షెల్లీ అని ఒక రకం ఉందట తమ్ముడూ, ఇంగ్లండులో నాలుగు సరస్సుల్లో తప్ప ఇంకెక్కడా దొరకదంటారు. నాకు గొర్రెలే కనబడ్డాయి. ఇంకో వింత చెప్పనా? 1926లో ఆ శిఖరం మీద విమానం దించారు, గుర్తుగా రాయి కూడా నాటారు.

పెందుర్తి: విమానంలో అయితే మా కొలనువాడూ వస్తాడు.

నిర్వాహకుడు: ఈ వారం ఎంవీపీ వారి రెండో పద్యానికే నా ఓటు. తమ్ముడి దిద్దిన పూరణ రెండోది. పెందుర్తి గారూ, కోప్పడకండి, మీదాన్ని వాట్సాప్‌లో అందరూ పంపుకుంటారు లెండి. వచ్చే వారానికి ఆటవెలదిలో సరిపాదం: “మెట్టు మెట్టు దిగుచు మింటి కెగసె”. ఇంటిపేర్లు నిషేధం.