ఒకే చోట వారంలో మూడు చలానాలు, ఈ డబ్బంతా ఎటు పోతోంది?

కోవూరు కారు:
అన్నా, రోజూ కోవూరు నుంచి పెన్నా వంతెన దాటి నెల్లూరుకి డ్యూటీకి వస్తాను. మొన్న ఫోన్‌కి ఒకేసారి మూడు ఓవర్ స్పీడ్ చలానాలు వచ్చాయి, ఒక్కోటి వెయ్యి, మూడూ ఒకే చోట, ఒకే వారంలో. మొదటిది పడగానే మెసేజ్ వచ్చుంటే మిగతా రెండూ పడేవి కాదు గదా. వెళ్లి చూస్తే 40 బోర్డు వేపకొమ్మల వెనక దాక్కోనుంది. నా తప్పు లేదనను, 52లో పోయాను. కానీ తిన్నగా ఉండే రోడ్డులో కెమెరా పెట్టి, బండ్లు పడే మలుపులో కనీసం లైటు కూడా వేయకపోతే ఏమనుకోవాలి? ఈ డబ్బు కార్పొరేషన్‌కి పోతుందా?

ఒంగోలు నుంచి:
కార్పొరేషన్‌కి కాదు తమ్ముడూ, రాష్ట్ర ఖజానాకి. నువ్వు కట్టిన చోట గుంత పూడుతుందని ఆశ పెట్టుకోవద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో వచ్చిన రూల్ 167ఎ చదువు. కెమెరా ఉందని ముందే బోర్డు ఉండాలి, పరికరానికి ఏటా రెన్యువల్ చేసే సర్టిఫికెట్ ఉండాలి, నోటీసు గడువులోపు పంపాలి. కొమ్మల ఫోటో ఈరోజే తీసిపెట్టుకో, రేపు ఎవరన్నా కొట్టేస్తే నీ దగ్గర ఆధారం ఉండదు.

కొడవలూరు అక్క:
కెమెరాలు తీసేయమని మాత్రం అడగొద్దండి. మా తమ్ముణ్ని హైవే దాటుతుంటే కారు గుద్దింది, రెండేళ్లయినా వాడు కర్ర లేకుండా నడవలేడు. బడిపిల్లలు, బర్రెలు దాటే ఆ చోట కెమెరా పెడితే చాలు, చలానాలు ఎన్ని వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

కావలి:
అక్క చెప్పిందే అసలు సంగతి. ప్రమాదాలు ఎక్కువ జరిగే దారుల్లో పెట్టమని ఆ 167ఎ లోనే ఉంది. ఇంకోటి, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఎ అని ఒక సెక్షన్ వచ్చింది. రోడ్డు ప్రమాణాల ప్రకారం లేకపోవడం వల్ల మనిషి చనిపోయినా, వికలాంగుడైనా, బాధ్యులైన అధికారికో కాంట్రాక్టరుకో లక్ష దాకా జరిమానా. మనకు వెయ్యి పడడానికి క్షణం చాలు, ఆ లక్ష ఎవరికన్నా పడిందని మా వైపు నేనింతవరకు వినలేదు. సమాచార హక్కు కింద అడుగు, పది రూపాయలే ఫీజు. ఆ కెమెరాకి ఎన్ని చలానాలు, పెట్టకముందు అక్కడ ఎన్ని ప్రమాదాలు, పెట్టాక ఎన్ని, ఈ మూడు లెక్కలు పక్కపక్కన ఇవ్వమను.

కోవూరు కారు:
ఫోటోలు తీశాను, అర్జీ రాస్తున్నాను. కొడవలూరు అక్కా, మీరు చెప్పిన చోటు ఎక్కడో సరిగ్గా రాయండి, దాని ప్రమాదాల లెక్క కూడా అదే కాగితంలో అడుగుతా.