పాత దస్తావేజులు ఏఐకి ఇచ్చే ముందు ఏమేం తీసేయాలి?

టైపింగ్ టేబుల్, ఎల్బీనగర్:
అందరికీ నమస్కారం. మా మామయ్య దస్తావేజు లేఖరి. టైపింగ్, అనువాదం నా పని. పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్ళు పాత సేల్ డీడ్లు తెచ్చి, "మావాడికి అర్థమయ్యేలా ఇంగ్లీషులో సారాంశం రాసివ్వమ్మా" అంటుంటారు. చాట్‌జీపీటీతో అయితే చిటికెలో తెమిలిపోతోంది. కానీ జనం ఆస్తి కాగితాలు ఎక్కడికో పంపుతున్నానని టెన్షన్. అందుకే పేర్లు, ఆధార్, పాన్, ఫోన్ నంబర్లు తీసేసి ఇస్తున్నా. ఇవి తీస్తే చాలా? ఇంకో తలనొప్పి ఏంటంటే, పేర్లు లేకపోయేసరికి అమ్మిందెవరో కొన్నదెవరో దానికి తెలియక తండ్రి వాటాని కొడుక్కి అంటగడుతోంది.

పాత స్టాంపు:
అమ్మా, ఈ కాగితాల మధ్యే జుట్టు నెరిసినవాణ్ణి, చెప్తా విను. ముందు డాక్యుమెంట్ నంబరు తియ్యి. నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, ఈ మూడూ తెలిస్తే రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఈసీ, అంటే ఆ ఆస్తి లావాదేవీలు చూపే సర్టిఫికెట్, తీసి అమ్మినవాళ్ళ పేర్లూ కొన్నవాళ్ళ పేర్లూ చూసుకోవచ్చు. పేర్లన్నీ చెరిపి అది వదిలేస్తే, ఇంటికి తాళం వేసి చెవి గుమ్మానికి తగిలించినట్టే. లింకు డాక్యుమెంట్ల, అంటే అదే ఆస్తికి అంతకుముందు రాసిన దస్తావేజుల, నంబర్లూ అంతే. అవి మధ్య పేరాల్లో ఎక్కడో ఉంటాయి, కళ్ళు పెట్టి వెతుకు.

తర్వాత షెడ్యూలు, అంటే ఆస్తి వివరాలు, హద్దులు రాసే భాగం. "తూర్పు: ఫలానా వారి ఇల్లు, పడమర: ఫలానా వారి ప్లాటు" అని ఉంటుంది కదా. ఈ బేరంతో ఏ సంబంధమూ లేని పక్కింటివాళ్ళ పేర్లు అవి. సర్వే నంబరు, ఊరు, ఇంటి నంబరు కూడా అక్కడే. సారాంశానికి షెడ్యూలు అక్కర్లేదు, మొత్తం కోసెయ్యి.

ఇక పేర్లు. వాటిని ఊరికే చెరపకు. అమ్మినవారు-1, అమ్మినవారు-2, కొన్నవారు-1 అని పెట్టు. మొదట్లోనే "అమ్మినవారు-2 అమ్మినవారు-1కి కొడుకు" అని ఒక లైను రాసిపెడితే వాటాలు కలగాపులగం చేయడం చాలావరకు తగ్గుతుంది. ఏ నంబరు ఎవరిదో నీ నోటుబుక్కులో ఉండాలి, చాట్‌లో కాదు.

ఫోటో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించకు. స్టాంపు కాగితం మీద కొన్నవారి పేరు, తండ్రి పేరు ఉంటాయి. లోపల వేలిముద్రలు. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. దానికి ఏఐ కూడా అక్కర్లేకపోయింది.

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్:
పెద్దాయన చెప్పినదానికి నా వంతు. వర్డ్‌లో "సుబ్రహ్మణ్యం" అని వెతికితే "సుబ్రహ్మణ్యానికి" దొరకదు. చివరి సున్నా తీసేసి "సుబ్రహ్మణ్య" వరకే వెతకండి. రీప్లేస్ ఆల్ కొట్టొద్దు, ఒక్కోటీ చూసి మార్చండి. అదే కాగితంలో "సుబ్రమణ్యం" అని కూడా ఉండొచ్చు.

షాపుల డీడ్లలో జీఎస్టీ నంబరు ఉంటే అదీ తీయండి. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్, మన తెలంగాణకి 36. ఆ తర్వాతి పది అచ్చంగా పాన్ నంబరే. పాన్ చెరిపి జీఎస్టీ వదిలేసినవాళ్ళని చాలామందిని చూశా.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ ప్రెసిడియో అని ఉచిత టూల్ ఉంది, ఆధార్, పాన్ లాంటివి పడుతుంది. తెలుగులో రాసిన పేర్ల విషయంలో మాత్రం దాన్ని నమ్ముకోను. చాట్‌జీపీటీ సెట్టింగుల్లో, డేటా కంట్రోల్స్‌లో, మీ చాట్లని మోడల్ మెరుగుపరచడానికి వాడుకునే స్విచ్ ఉంటుంది, ఆపేయండి. అయితే అది ఆపేది శిక్షణకి వాడటాన్నే. మీరు పంపింది వాళ్ళ సర్వర్‌కి ఎలాగూ చేరుతుంది.

డీటీపీ కోఠి:
ఒక్క ప్రశ్న. ఫైళ్ళు "అను" ఫాంట్లలో, అంటే యూనికోడ్ కాని పాత డీటీపీ తెలుగు ఫాంట్లలో, ఉన్నాయా?

టైపింగ్ టేబుల్, ఎల్బీనగర్:
అవునండీ, పాతవన్నీ అనులోనే. ఆన్‌లైన్ కన్వర్టర్‌లో పెట్టి యూనికోడ్‌లోకి మార్చాక పేర్లు తీస్తున్నా.

డీటీపీ కోఠి:
అయితే ఏఐ కంటే ముందే కాగితం మొత్తం, పేర్లతో సహా, ఎవరిదో తెలియని ఆ సైట్‌కి ఇచ్చేస్తున్నారు. కంప్యూటర్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకునే కన్వర్టర్ వాడండి, నెట్ తీసేసి మార్చండి. మార్చకుండా వెతికితే మాత్రం లాభం లేదు. అను ఫైల్లో యూనికోడ్ తెలుగు కొట్టి వెతికితే ఏమీ దొరకదు, పేరు లేదేమో అనుకుంటాం.

టైపింగ్ టేబుల్, ఎల్బీనగర్:
అమ్మో, ఆ కోణమే తట్టలేదు. ఇవాళే మారుస్తా. బాబాయ్‌గారూ, ఒక్క సందేహం. హద్దులు లేని సారాంశం ఇస్తే పెద్దవాళ్ళు ఊరుకోరు కదా?

పాత స్టాంపు:
హద్దులు నాలుగు లైన్లేగా తల్లీ, చివర్లో నువ్వే చేత్తో టైపు చేసి కలుపు. గజాలు, గుంటలు కూడా నువ్వే వెయ్యి, గుంటకి 121 గజాలు. మెషిన్‌తో తొందరగా అయిందని ఫీజు మాత్రం తగ్గించకు.